మ్యాప్ ఉంది, లైడార్ ఉంది, అయినా రోబో కారిడార్‌లో పక్క డోర్ దగ్గరున్నానని అనుకుంటోంది. ఏ ఏఐ మోడల్ వాడాలి?

దారితప్పిన_డబ్బా
అందరికీ నమస్తే. ఇక్కడ మొదటి పోస్ట్, తప్పులుంటే సర్దుకోండి. రెండు చక్రాల రోబో చేశా, వెనక ఒక క్యాస్టర్, పైన 12 మీటర్ల రేంజ్ ఉన్న 2డీ లైడార్ (లేజర్ కిరణాలతో చుట్టూ దూరాలు కొలిచేది), ఒక ఐఎంయూ (తిరుగుడు, కదలిక పట్టే సెన్సార్), లోపల రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్. రాస్ 2 (రోబో సాఫ్ట్‌వేర్) మీద దారి చూపే నావ్‌టూ నడుస్తోంది, స్లామ్ (నడుస్తూనే మ్యాప్ గీసే పద్ధతి) టూల్‌బాక్స్‌తో మ్యాప్ తీశా, లొకలైజేషన్‌కి, అంటే మ్యాప్‌లో తానెక్కడుందో తెలుసుకోవడానికి, ఏఎంసీఎల్. మొదటి నెల బంగారంలా తిరిగింది, నేనే నమ్మలేకపోయా. ఇప్పుడు రెండు వారాల నుంచి ఒకటే గోల. కారిడార్ 40 మీటర్లు ఉంటుంది, రెండు వైపులా మూడేసి మీటర్లకి ఒక డోర్, అన్నీ అచ్చం ఒకేలా గోడలోకి కొంచెం లోపలికి ఉంటాయి. సగం దూరం వెళ్ళాక దానికి తాను ఒక డోర్ అవతల ఉన్నాననే భ్రమ వచ్చేస్తుంది, చివర్లో మలుపు రాకముందే తిరిగి గోడకి ముక్కు పెట్టి ఆగిపోతుంది. ఆర్‌విజ్‌లో (రోబో లెక్కలు స్క్రీన్ మీద చూపే టూల్) చూస్తే, అది తానెక్కడున్నానని అనుకుంటోందో చూపే బాణాల గుంపు చిన్న ముద్దలా, ఎంతో నమ్మకంగా, తప్పు చోట కూర్చుని ఉంటుంది.

దీనికి మంచి డీప్ లెర్నింగ్ మోడల్ ఏదైనా పెడితే పోతుందా? ఏది ట్రై చేయమంటారు?

గ్రీజుచేతులు
రెండు వారాల కింద ఏం మార్చినవ్ తమ్మీ?

దారితప్పిన_డబ్బా
ఏం మార్చలేదన్నా. గిట్‌లో (కోడ్ మార్పుల చిట్టా) కూడా చూశా, ఒక్క లైన్ మారలేదు.

నాడీజాలం
బ్రో ఏఎంసీఎల్ అంటే 1999 నాటి ఐడియా, ఇంకా దాన్నే పట్టుకుని వేలాడటం ఏంటి. కెమెరా పెట్టు, ఎండ్ టు ఎండ్ పాలసీ (కెమెరా చూసిన దాన్ని నేరుగా నడకగా మార్చే ఒకే నెట్‌వర్క్) ట్రైన్ చెయ్, మ్యాపే అక్కర్లేదు. 2023లో వచ్చిన విన్ట్, నోమ్యాడ్ లాంటి మోడల్స్ చూడు, దారిలో తీసిన ఫోటోలు వరసగా ఇస్తే వాటిని పోల్చుకుంటూ వెళ్ళిపోతాయి. ఎన్నో రకాల రోబోల డేటా మీద ట్రైన్ అయినవి, నీ డబ్బా మీద కూడా నడుస్తాయి.

బేయస్_బాబాయ్
@నాడీజాలం వయసు చూసి వెక్కిరిస్తే ఎలాగయ్యా, నువ్వు నెట్‌వర్క్‌లకి నేర్పడానికి వాడే బ్యాక్‌ప్రాపగేషన్ దానికంటే పాతది 🙂

@దారితప్పిన_డబ్బా మోడల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ రోబో తాను ఎక్కడున్నానో ఎలా తేల్చుకుంటుందో ఒకసారి కళ్ళముందు పెట్టుకుందాం, ఎందుకంటే నీ పోస్ట్‌లో అసలు క్లూ చివరి లైన్లో ఉంది. "ఎంతో నమ్మకంగా తప్పు చోట."

ఏఎంసీఎల్ లోపల కొన్ని వందల నుంచి కొన్ని వేల పార్టికల్స్ ఉంటాయి, నీకు కనపడే బాణాలు అవే. ఒక్కోదాన్నీ ఒక్కో సాక్షి అనుకో. ఒకడు రోబో ఐదో డోర్ ముందుంది అంటాడు, ఇంకొకడు కాదు, అరడుగు ముందుంది, కొంచెం ఎడమకి తిరిగి ఉంది అంటాడు. చక్రాలు తిరిగినప్పుడల్లా ప్రతి సాక్షీ తన మాటని అంత దూరం జరుపుకుంటాడు, కొంచెం అటూ ఇటూ తేడాతో. తర్వాత లైడార్ వచ్చి క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తుంది. నువ్వు చెప్పిన చోటే ఉంటే గోడ ఇంత దూరంలో కనపడాలి, కనపడిందా? సరిపోయిన వాళ్ళకి వెయిట్ పెరుగుతుంది, సరిపోని వాళ్ళు కోర్టు బయటికి, వాళ్ళ కుర్చీల్లో సరిపోయిన వాళ్ళ కాపీలు కూర్చుంటాయి. డెల్లార్ట్, ఫాక్స్, బర్గార్డ్, థ్రన్ 1999లో దీన్ని మాంటీ కార్లో లొకలైజేషన్ అని బయటపెట్టారు. దీనికి ముందు ఎక్కువగా కాల్మన్ ఫిల్టర్ (1960) వాడేవాళ్ళు, అది "నేను ఇక్కడున్నా, తప్పయితే ఇంత మేర తప్పు" అని ఒకే ఒక్క మాట చెబుతుంది. సాక్షుల గుంపు అలా కాదు, "ఐదో డోర్ అయినా కావచ్చు, ఆరోది అయినా కావచ్చు" అని రెండు మాటలూ మోయగలదు. నీ కారిడార్‌కి కావాల్సింది సరిగ్గా అదే.

ఇప్పుడు నీ కారిడార్ మధ్యలో నిలబడి లైడార్ కళ్ళతో చూడు. 40 మీటర్ల కారిడార్‌లో 12 మీటర్ల రేంజ్. మధ్యలో ఉన్నంతసేపూ రెండు చివరలూ కనపడవు. కనపడేవి రెండు సమాంతరమైన గోడలు, వాటిలో ఒకేలాంటి గుంటలు. గోడకి ఎంత దూరంలో ఉందో, ఏ వైపు తిరిగి ఉందో లైడార్ చక్కగా చెప్పేస్తుంది. కానీ కారిడార్ పొడవునా ఎంత దూరం వచ్చావంటే చెప్పలేదు, అది మొత్తం చక్రాల మాట మీదే ఆధారపడాలి. కాబట్టి మధ్యలో ఆ బాణాల గుంపు కారిడార్ పొడవునా సాగదీసిన తాడులా కనపడాలి. నీకు ముద్దలా కనపడుతోందంటే నీ ఫిల్టర్ తనకి తెలియనిది తెలుసనుకుంటోంది. ఏఎంసీఎల్ ఫైల్లో ఆల్ఫా విలువలు ఎంత పెట్టావ్?

ఊరికే_చూస్తున్నా
చిన్న డౌట్ అండి, నవ్వకండి. ఫోన్‌కి మ్యాప్స్ ఉన్నట్టు జీపీఎస్ పెట్టేస్తే అయిపోదా?

అక్షాంశం
నవ్వేదేం లేదు, అందరికీ మొదట వచ్చే డౌటే. జీపీఎస్ సిగ్నల్ శాటిలైట్ నుంచి 20,000 కిలోమీటర్లు దాటి వచ్చేసరికే చాలా బలహీనంగా ఉంటుంది, స్లాబు దాటి లోపలికి రాదు, వచ్చినా గోడల మీద తగిలి తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి తప్పుడు దూరం చెబుతుంది. బయట కూడా మామూలు జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ. ఇక్కడ డోర్‌కీ డోర్‌కీ మధ్య ఉన్నదే మూడు మీటర్లు. ఆర్‌టీకే (దగ్గర్లోని స్టేషన్‌తో సరిచేసుకునే జీపీఎస్) పెడితే బయట సెంటీమీటర్ల లెక్కలోకి వస్తుంది, పొలాల్లో తిరిగే రోబోలు అవే వాడతాయి, కానీ లోపల అదీ పనిచేయదు. పోనీ దిక్సూచి పెడదామంటే మోటార్లూ గోడల్లో ఇనుమూ కలిసి దాన్ని పిచ్చెక్కిస్తాయి.

దారితప్పిన_డబ్బా
బాబాయ్ గారూ, ఆల్ఫాలు అన్నీ 0.01 పెట్టా. డీఫాల్ట్ 0.2 ఉండేది, ఒక వీడియోలో ఆడోమెట్రీ (చక్రాల చుట్లతో వేసే దూరం లెక్క) బాగుంటే తగ్గించమన్నారు, నాది బాగానే ఉందని తగ్గించా. కానీ అది మొదటి రోజే పెట్టా, నెల రోజులు బాగానే పనిచేసింది కదా?

బేయస్_బాబాయ్
దొరికింది సగం. ఆ ఆల్ఫాలు అంటే సాక్షులు తమ మాటని జరుపుకునేటప్పుడు ఎంత తేడా పెట్టుకోవాలన్నది. 0.01 అంటే చక్రాలు చెప్పింది వేదం. ఇక గుంపు సాగడానికి చోటే లేదు. ఆరో డోర్ దగ్గర ఒక్క సాక్షి కూడా లేకపోతే, నిజంగా రోబో ఆరో డోర్ దగ్గరున్నా ఆ మాట చెప్పేవాడే ఉండడు. పైగా లైడార్ కిరణాలు అరవై తీసుకుంటే అరవై మంది వేర్వేరు మనుషులు చెప్పినట్టు గుణించేస్తుంది, నిజానికి ఆ అరవైలో ముప్ఫై ఒకే గోడని చూసినవే, ఒకే మాటని ముప్ఫైసార్లు విని నమ్మకం పెంచుకున్నట్టు.

ఇంకో సగం ఏంటంటే, నెల రోజులు ఎందుకు బాగుంది. అంటే చక్రాల మాట అప్పుడు నిజం, ఇప్పుడు అబద్ధం.

గ్రీజుచేతులు
గందుకే అడిగిన గదా ఏం మార్చినవ్ అని. లెక్కలు పక్కకు పెట్టి ఒక టేప్ తీస్కో. నేల మీద గీత గీసి, రోబోను అక్కడ పెట్టి, కీబోర్డుతోని నెమ్మదిగ నడిపి ఆడోమెట్రీ 5 మీటర్లు అనంగనే ఆపు. టేప్ పెట్టి కొలువు. మూడు సార్లు చెయ్యి. మళ్ల ఉన్నకాడనే పది చుట్లు తిప్పు, ఎంత తేడా వస్తదో చూడు. తర్వాత మాట్లాడుదాం.

నాడీజాలం
చూడండి, ఇదే నేను అనేది. 2025 దాటాక కూడా టేపు పెట్టి కొలవడం. డీడీ-పీపీఓ అనే ట్రైనింగ్ పద్ధతి పేపర్ చూశారా? సిమ్యులేటర్లో 250 కోట్ల అడుగులు నడిపించి ట్రైన్ చేశారు, మనిషి 80 ఏళ్ళు నడిచిన అనుభవంతో సమానం, 64 జీపీయూల మీద మూడు రోజుల్లోపే అయిపోయింది. ఎప్పుడూ చూడని ఇంట్లో, మ్యాప్ లేకుండా, చెప్పిన పాయింట్‌కి దాదాపు తప్పు లేకుండా వెళ్ళింది.

అక్షాంశం
చదివాను. చాలా గొప్ప పని, కాదనను. కానీ అందులో రోబోకి ఇచ్చిన ఇన్‌పుట్స్ ఏంటో చూశావా? కెమెరాతో పాటు తప్పే లేని జీపీఎస్, కంపాస్. అంటే "నేను ఎక్కడున్నా" అన్న ప్రశ్నకి సిమ్యులేటరే ప్రతి అడుగుకీ చెవిలో జవాబు ఊదుతోంది. అది తీసేసి, చక్రాలకి కొంచెం జారుడు కలిపితే కథ మారిపోయింది, తర్వాత వచ్చిన పేపర్లు ఆ లోటు పూడ్చడానికి విజువల్ ఆడోమెట్రీని (కెమెరాతో కదలికని కొలవడం) మళ్ళీ పక్కన తెచ్చిపెట్టాయి. డబ్బా తమ్ముడికి లేనిది సరిగ్గా ఆ ఊదే గొంతే.

నాడీజాలం
అక్కా అది పాయింటే 😐 కానీ నేను వదలను, మళ్ళీ వస్తా.

దారితప్పిన_డబ్బా
అన్నా కొలిచా. ఆడోమెట్రీ 5.00 అన్నప్పుడు టేపు మీద 4.83, 4.82, 4.84. మూడు సార్లూ అంతే. నేను ఎక్కడో సెంటీమీటర్ తేడా వస్తుందేమో అనుకున్నా, 17 సెంటీమీటర్లు! పది చుట్లకి దాదాపు 160 డిగ్రీలు తక్కువ తిరిగింది. కోడ్‌లో చక్రం వ్యాసం 65 మిల్లీమీటర్లు, మొదటి రోజు ఇలాగే 2 మీటర్లు నడిపి చూశా, అప్పుడు కరెక్ట్‌గా వచ్చింది, ఒట్టు. ఇప్పుడెందుకు ఇలా అయిందో అర్థం కావట్లేదు. చక్రాలు అవే, మోటార్లు అవే. ఏదైనా లూజ్ అయిందేమో అని మొత్తం విప్పి చూశా, రెండో బ్యాటరీ పెట్టిన స్క్రూ ఒకటి వదులుగా ఉంది, అది బిగించా, తేడా లేదు.

గ్రీజుచేతులు
రెండో బ్యాటరీనా?

దారితప్పిన_డబ్బా
అవునన్నా, చార్జింగ్ ఎక్కువసేపు రావాలని ఇంకోటి పెట్టా. రెండు వారాల క్రితం.

ఓ.

గ్రీజుచేతులు
పిల్లిని సంకల పెట్టుకొని ఊరంత తిరిగినవ్ తమ్మీ 😂 నీ టైర్లు లోపల ఖాళీగ ఉండే మెత్త రబ్బరు గదా? బరువు పడంగనే కింద అణిగిపోతది. కొలిచిన వ్యాసం 65 ఉండొచ్చు గని దొర్లేది 62.8. గిట్‌ల బ్యాటరీ కనపడదు.

ఊరికే_చూస్తున్నా
😂😂 ఈ థ్రెడ్ సేవ్ చేసుకుంటున్నా

బేయస్_బాబాయ్
ఇప్పుడు లెక్క మొత్తం సరిపోయింది చూడండి. 5 మీటర్లకి 17 సెంటీమీటర్లు అంటే 3.4 శాతం. 40 మీటర్లకి 1.36 మీటర్లు. డోర్‌కీ డోర్‌కీ 3 మీటర్లు, అందులో సగం 1.5. అంటే చివరికి వచ్చేసరికి దాదాపు రెండు డోర్ల మధ్య సందిగ్ధంలో పడుతుంది, కాస్త చక్రం జారినా, మధ్యలో ఒకసారి తిరిగి చూసినా, ఆ గుంట ఈ గుంటే అనుకుని పక్క డోర్‌కి అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కున్నాక కిరణాలన్నీ చక్కగా సరిపోతాయి, ఎందుకంటే డోర్లన్నీ ఒకేలా ఉన్నాయి కాబట్టి. ఇక దానికి తప్పు చేశానన్న అనుమానం రావడానికి దారే లేదు, చివర గోడకి ముక్కు తగిలేదాకా.

ఇంకో ముక్క. మ్యాప్ కూడా ఈ తప్పు చక్రాలతోనే తీసి ఉంటే మ్యాపూ అంతే సాగి ఉండేది, రెండు తప్పులూ రద్దయిపోయి నీకు ఏమీ తెలిసేది కాదు. పాత బరువుతో తీసిన మ్యాప్, కొత్త బరువుతో నడక, అందుకే బయటపడింది. పొడవాటి కారిడార్లలో మ్యాపింగ్ చేసేటప్పుడు ఇంకో తమాషా జరుగుతుంది, ముందు స్కాన్‌కీ వెనక స్కాన్‌కీ తేడా కనపడక స్లామ్ "మనం కదల్లేదు" అనుకుని కారిడార్‌ని కుదించేస్తుంది. అందుకని మ్యాప్ తీశాక ఒకసారి టేపుతో పోల్చుకోవడం మంచి అలవాటు. నాడీజాలం తిట్టినా సరే.

తిరుగుడు సంగతి కూడా వదలొద్దు. నీకు వచ్చిన 160లో చక్రం వ్యాసం వల్ల వచ్చేది 3.4 శాతం, అంటే 122 డిగ్రీలు. అది సరిచేశాక ఇంకా 40 డిగ్రీలు మిగులుతుంది, అది చక్రాల మధ్య దూరం తప్పుగా ఇచ్చినందుకు. బరువుకి టైరు నేలని వెడల్పుగా తాకుతోంది, ఎక్కడ తాకుతోందో స్కేలు పెట్టి చెప్పలేం, ఇలా తిప్పే పట్టుకోవాలి. బోరెన్‌స్టైన్, ఫెంగ్ అనే ఇద్దరు 1990ల్లో దీనికి ఒక పద్ధతే రాశారు, యూఎంబీమార్క్ అని, 4 మీటర్ల చదరం గీసి రోబోని ఐదుసార్లు కుడిచుట్టు, ఐదుసార్లు ఎడమచుట్టు తిప్పడం. ఒకే వైపు తిప్పితే చక్రాల తేడా, మధ్య దూరం తేడా ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి, రెండు వైపులా తిప్పితేనే విడివిడిగా దొరుకుతాయి. ఒక్క డిగ్రీ తప్పుగా తిరిగి బయలుదేరితే 10 మీటర్లకి పక్కకి 17 సెంటీమీటర్లు పోతుంది, అందుకే తిరుగుడు తప్పు దూరం తప్పు కంటే ప్రమాదం.

అక్షాంశం
ఈ చక్రాల అబద్ధం మనకే కాదు లెండి. 2005లో ఆపర్చునిటీ రోవర్ అంగారకుడి మీద మెత్తటి ఇసుక తిన్నెలో కూరుకుపోయింది, చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, బండి మాత్రం కదల్లేదు, అయిదు వారాలకి పైగా పట్టింది బయటికి తీయడానికి. చక్రాల లెక్క మాత్రమే చూస్తే ముందుకు పోతున్నట్టే. అందుకే అలాంటి చోట్ల కెమెరాతో నేల మీద గుర్తులు పట్టుకుని ఎంత కదిలామో కొలిచే విజువల్ ఆడోమెట్రీ వాడతారు.

దీనికి కొనసాగింపు నాకు భలే ఇష్టం. ఇసుక నేల మరీ నున్నగా ఉంటే కెమెరాకి పట్టుకోవడానికి గుర్తులే దొరకవు కదా, దానికి క్యూరియాసిటీ రోవర్ చక్రాల్లోనే చిన్న చిన్న రంధ్రాలు పెట్టారు. నడిచినప్పుడల్లా ఇసుకలో ఒక ముద్ర పడుతుంది, వెనక్కి తిరిగి తన అడుగుజాడలే చూసుకుని ఎంత దూరం వచ్చానో లెక్కేసుకుంటుంది. ఆ ముద్ర మోర్స్ కోడ్‌లో జేపీఎల్ (దాన్ని తయారుచేసిన నాసా ల్యాబ్) అని ఉంటుంది, అదో సరదా.

అదే గుర్తులు లేకపోతే ఏమవుతుందో ఇంజెన్యుటీ హెలికాప్టర్ చూపించింది. 2024 జనవరిలో 72వ సారి ఎగిరినప్పుడు కింద అంతా ఒకేలాంటి ఇసుక అలలు, కెమెరాకి పట్టు దొరకలేదు, వేగం తప్పుగా లెక్కేసుకుని గట్టిగా దిగింది, రెక్కలు విరిగాయి. మన తమ్ముడి కారిడార్ జబ్బూ అదే, ఒకేలా ఉన్న చోట ఎక్కడున్నామో చెప్పలేకపోవడం.

నాడీజాలం
ఓకే, నేను తిరిగొచ్చా. ఎండ్ టు ఎండ్ మాట వెనక్కి తీసుకుంటున్నా, ఈ కేసు వరకు. కానీ ఒకటి చెప్పండి, డోర్లు ఒకేలా ఉన్నాయన్నది లైడార్‌కి మాత్రమే కదా? మనిషికి అలా కనపడవు. ఒక డోర్ మీద నోటీసు, ఒకదాని పక్కన మంటలార్పే ఎర్ర సిలిండర్, ఇంకోచోట స్విచ్ బోర్డు. 2డీ లైడార్ నేలకి ఒక అడుగు ఎత్తులో ఒక్క గీత మాత్రమే చూస్తుంది, దానికి మనిషి కాళ్ళూ, కుర్చీ కాళ్ళూ, అట్టపెట్టె అన్నీ చుక్కలే. కెమెరా ఫోటోని నెట్‌వీఎల్‌ఏడీ (2016) లాంటి నెట్‌వర్క్ చిన్న సంఖ్యల వరసగా మార్చేస్తుంది, వెలుతురు మారినా మనిషి అడ్డొచ్చినా దాదాపు అదే వరస వస్తుంది, ముందే తీసిపెట్టుకున్న ఫోటోల్లో దగ్గరగా ఉన్నది ఏదో వెతికితే ఏ డోరో తెలిసిపోతుంది. సూపర్‌పాయింట్, సూపర్‌గ్లూ (రెండు ఫోటోల్లో ఒకే గుర్తుల్ని పట్టి జతచేసే నెట్‌వర్క్‌లు) పెట్టుకుంటే అక్కడి నుంచి కొలత కూడా వస్తుంది. ఫిల్టర్ తీసేయమనట్లేదు, ఆ సాక్షుల కోర్టుకి ఇంకో లాయర్ని పెట్టమంటున్నా.

బేయస్_బాబాయ్
ఈ మాట మొదటి పోస్ట్‌లోనే అని ఉంటే నీకు నేనే దండ వేసేవాణ్ణి. నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటా. నెట్‌వర్క్ ఏం చూసిందో చెప్పాలి, ఎంత నమ్మాలో ఫిల్టర్ తేల్చాలి. ఒక్క జాగ్రత్త, నెట్‌వర్క్ చెప్పే 0.97 అన్న స్కోరుని 97 శాతం నిజం అనుకుని నేరుగా గుణించకు. ఆ నెట్‌వర్క్ ఎప్పుడూ చూడనిది చూపించినా 0.97 అంటుంది. కొంచెం తగ్గించి వాడాలి.

పాత ఉదాహరణ ఒకటి. 1997లో బాన్ మ్యూజియంలో రైనో, 1998లో అమెరికాలోని స్మిత్‌సోనియన్‌లో మినర్వా అని గైడ్ రోబోలు తిరిగాయి. వాటి చుట్టూ జనం మూగిపోయేవాళ్ళు, లైడార్‌కి గోడలే కనపడేవి కావు. రైనోలో ఏం చేశారంటే, మ్యాప్ ప్రకారం గోడ ఉండాల్సిన దూరం కంటే బాగా దగ్గరగా ఏదైనా తగిలితే అది మనిషి అనుకుని ఆ కిరణాన్ని లెక్కలోంచి తీసేశారు. మినర్వాకి ఇంకా చక్కటి ఉపాయం, పైకి చూసే కెమెరా పెట్టి పైకప్పునే మ్యాప్ చేశారు. జనం ఎంతమంది వచ్చినా పైకప్పుకి అడ్డం రారు కదా.

గ్రీజుచేతులు
ఇంత కష్టమెందుకు. కారిడార్ ల ఐదు చోట్ల ఏప్రిల్‌ట్యాగ్ స్టిక్కర్లు (క్యూఆర్ కోడ్ లెక్క ఉంటయ్) అంటించు. కెమెరా చూస్తది, నంబరు చదువుతది, ఎంత దూరంల ఎటు తిరిగి ఉన్నదో చెప్తది. అయిపాయె. పెద్ద పెద్ద గోదాముల కివా రోబోలు నేల మీద అంటించిన కోడ్‌లు చదువుకుంటనే తిరిగినయ్.

నాడీజాలం
అన్నా స్టిక్కర్ అంటిస్తే అది చీటింగ్ కదా, పరీక్షలో స్లిప్పులు పెట్టుకున్నట్టు.

గ్రీజుచేతులు
రోడ్డు మీద మైలురాయి చూసుడు గూడ చీటింగేనా మరి?

ఊరికే_చూస్తున్నా
ఇంకో డౌట్ అండి. రోబోని చేత్తో ఎత్తి వేరే చోట పెడితే ఏమవుతుంది? దానికి ఎత్తిన సంగతి తెలియదు కదా.

అక్షాంశం
దానికి పేరే "కిడ్నాప్ అయిన రోబో సమస్య". చక్రాలు తిరగలేదు కాబట్టి కదల్లేదనే అనుకుంటుంది, సాక్షులంతా పాత చోటే ఉంటారు, కొత్త చోట మాట చెప్పే ఒక్కడూ ఉండడు. మందు ఏంటంటే లైడార్ సరిపోవడం హఠాత్తుగా పడిపోతే గుంపులోకి మ్యాప్ అంతటి నుంచీ కొందరు కొత్త సాక్షులని చల్లడం. ఏఎంసీఎల్‌లో రికవరీ ఆల్ఫా అని రెండు ఉంటాయి, ఒకటి నెమ్మదిగా మారే సగటు, ఒకటి తొందరగా మారే సగటు, తొందరది నెమ్మదిదాని కంటే కిందకి పడితే కొత్తవాళ్ళని వేస్తుంది. డీఫాల్ట్‌గా రెండూ సున్నా, అంటే ఆఫ్. చాలామందికి అవి ఉన్నాయనే తెలియదు. కానీ డబ్బా తమ్ముడి కారిడార్‌లో ఇది ఆన్ చేస్తే ఇంకో డోర్ దగ్గర పడ్డ సాక్షి కూడా అంతే చక్కగా సరిపోతాడు, కాబట్టి ముందు ఆ స్టిక్కరో కెమెరానో ఏదో ఒకటి పెట్టాకే.

దారితప్పిన_డబ్బా
నాలుగు రోజులకి అప్‌డేట్. అందరూ చెప్పినవి ఒక్కొక్కటిగా చేశా, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదని.

మొదట వ్యాసం 62.8 చేసి, చక్రాల మధ్య దూరం 23 సెంటీమీటర్లు ఉన్నది 23.26 చేశా. ఇప్పుడు 5 మీటర్లకి సెంటీమీటర్ లోపే తేడా. ఇది ఒక్కటే చేసి పది సార్లు నడిపితే ఎనిమిది సార్లు చివరిదాకా సరిగ్గా వెళ్ళింది. తర్వాత ఆల్ఫాలు మళ్ళీ 0.2కి తెచ్చా, పార్టికల్స్ పెంచా. బాబాయ్ చెప్పినట్టే ఆర్‌విజ్‌లో గుంపు కారిడార్ మధ్యకి వచ్చేసరికి పొడుగ్గా సాగుతోంది, చివరి గోడ రేంజ్‌లోకి రాగానే టక్కున చిన్నదైపోతోంది, అది చూస్తుంటే ఏదో ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంది, అరగంట అదే చూస్తూ కూర్చున్నా. ఇరవైకి ఇరవై. చివరికి రెండు స్టిక్కర్లు కూడా అంటించా (సారీ నాడీజాలం బ్రో).

ఇంకోటి, వేగంగా తిరిగినప్పుడు గోడలు వంకరగా కనపడేవి. నా లైడార్ సెకనుకి ఐదారు చుట్లే తిరుగుతుంది, ఒక చుట్టు పూర్తయ్యేలోపు రోబోనే పది డిగ్రీలు తిరిగిపోతోంది, అందుకే స్కాన్ మెలి తిరిగినట్టు వస్తోంది. ప్రస్తుతానికి తిరిగే వేగం తగ్గించేశా.

కానీ కొత్త తలనొప్పి. కారిడార్ చివర అద్దాల గది ఉంది. లైడార్‌కి అద్దం కనపడట్లేదు, ఎదురుగా సరిగ్గా నిటారుగా చూసినప్పుడు మాత్రమే ఒక చుక్క పడుతోంది, మిగతాదంతా అద్దం దాటి లోపల గోడ కనపడుతోంది. అటు నుంచి దారి వేసి నేరుగా అద్దంలోకి పోబోయింది, చేయి అడ్డం పెట్టి ఆపా.

గ్రీజుచేతులు
చెయ్యి కాదు, ముందల బంపర్ స్విచ్ పెట్టు. ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా లేకున్నా అది తగిలితే మోటార్ కరెంటు బందయ్యేటట్టు వైరింగ్ చెయ్యి. ఇయ్యాలనే.

బేయస్_బాబాయ్
గ్రీజు గారి మాటే మొదట. తర్వాత నావ్‌టూలో కీపౌట్ ఫిల్టర్ అని ఉంది, మ్యాప్ మీద అద్దం ఉన్న గీతని నువ్వే పెయింట్‌లో నల్లగా గీసి ఇచ్చేస్తే, పైనుంచి దారి వేసే ప్లానర్ అటువైపు పోదు. ఆ ప్లానర్‌లో ఉండేది 1968లో షేకీ రోబో కోసం రాసిన ఏ స్టార్ లాంటిదే, దానికి గీసిన గోడైనా కట్టిన గోడైనా ఒకటే. కానీ లొకలైజేషన్‌కి ఇచ్చే మ్యాప్‌లో మాత్రం అద్దాన్ని గోడగా గీయకు, లైడార్ అక్కడ గోడ చూడదు కాబట్టి సాక్షులు మళ్ళీ గందరగోళంలో పడతారు. రెండు మ్యాపులు విడివిడిగా ఉంచు.

నాడీజాలం
ఇదిగో ఇక్కడ నా టర్న్. అద్దాన్ని కెమెరా ఫోటోలో గుర్తుపట్టే సెగ్మెంటేషన్ మోడల్స్ ఉన్నాయి, అంచులూ ఫ్రేమూ ప్రతిబింబాలూ చూసి పట్టుకుంటాయి. అవి గుర్తుపట్టిన భాగాన్ని కాస్ట్‌మ్యాప్‌లోకి (రోబో అడ్డంకులు రాసుకునే మ్యాప్) అడ్డంకిగా వేసెయ్. టేబుల్స్ సంగతి కూడా అంతే, నీ లైడార్‌కి నాలుగు కాళ్ళు కనపడతాయి, పైన పలక కనపడదు, కింద నుంచి దూరిపోదామని చూస్తుంది. డెప్త్ కెమెరా ఉందా నీ దగ్గర?

దారితప్పిన_డబ్బా
ఉంది బ్రో, పెట్టె కూడా విప్పలేదు. ఎంత బరువుంటుందో చూడాలి ముందు.

గ్రీజుచేతులు
😂😂 పెట్టినంక మళ్ల టేప్ తీయి.